నగర ద్వారం – సరుకుల బండి

నగరవాసి అన్నం తింటాడు గాని వరి పండించడు. అతని ఇంటికి బియ్యం మిర్యాలగూడ మిల్లుల నుండి రావాలి, మిరపకాయలు గుంటూరు యార్డు నుండి రావాలి, ఉల్లిపాయలు కర్నూలు నుండి, బత్తాయిలు నల్గొండ తోటల నుండి రావాలి. ఇల్లు కట్టుకోవాలంటే ఇసుక, ఇటుక, సిమెంటు, ఇనుము అన్నీ బయటి నుండే చేరాలి. వీటిలో అధికభాగం లారీ మీదనే వస్తుంది. అయినా తన వీధిలోకి లారీ వస్తే నగరవాసి విసుక్కుంటాడు. హారను మోత, పొగ, ఇరుకు, ప్రమాదభయం – అతని విసుగుకు కారణాలు లేకపోలేదు. సరుకు కావాలి, సరుకు మోసే బండి మాత్రం కనబడరాదు. నగరజీవనంలోని ఈ వైరుధ్యం నుండే సరుకు వాహనాల అనుమతులు, వేళలు, నిషేధాలు పుట్టాయి.

ఇది నేటి సమస్య కాదు. క్రీస్తు పూర్వం 45 ప్రాంతంలో జూలియస్ సీజర్ కాలపు శాసనం రోము నగర వీధులలో సూర్యోదయం నుండి పగటి పదవ గంట వరకు సరుకు బండ్లు తిరగరాదని కట్టడి చేసింది. దేవాలయ నిర్మాణానికి, ప్రభుత్వ పనులకు సామగ్రి తెచ్చే బండ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఫలితంగా బండ్లన్నీ రాత్రివేళకు మళ్లాయి. ఆ తరువాత నూటయాభై సంవత్సరాలకు జువెనల్ అనే కవి, బండ్ల రొద వలన రోములో రాత్రి నిద్రపట్టదని తన వ్యంగ్య కవితలో మొరపెట్టుకున్నాడు. పగటి సమస్యను రాత్రికి నెట్టినంత మాత్రాన అది తీరిపోదు కదా! 1985లో లండను నగరం ఇందుకు విరుద్ధమైన మార్గాన్ని అనుసరించింది. 18 టన్నులకు మించిన లారీలను రాత్రివేళలలోను, వారాంతాలలోను నియంత్రించింది. వారికి నిద్ర ముఖ్యమయింది. మన నగరాలకు పగటిపూట రోడ్డు ఖాళీగా ఉండడం ముఖ్యమయింది. కనుక మన లారీ డ్రైవరు ఊరి పొలిమేరలో రోడ్డు పక్కన బండి ఆపి, టైరు నీడలో పడుకొని, చీకటి పడేవరకు వేచి ఉంటాడు.

ఆ వేచి ఉండడానికి వెల కట్టి చూడండి. సిమెంటు బస్తా ఒక పూట ఆగితే నష్టం లేదు. బత్తాయి, టమాట, చేప, పువ్వు ఆగవు. ఎండాకాలంలో పొలిమేరలో నిలిచిన ప్రతి గంటా రైతు రాబడిలో నుండి తరిగిపోతుంది. హైదరాబాదు పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారంలో ఉన్నంతకాలం ఆ బండ్లు నగరం మధ్యదాకా రావలసి వచ్చేది. తరువాత ఆ మార్కెట్టును బాటసింగారానికి, అంటే బాహ్యవలయ రహదారి సమీపానికి తరలించారు. 158 కిలోమీటర్ల ఆ రహదారి వలన దూరప్రాంతపు లారీ నగరంలోకి రాకుండానే చుట్టి పోగలుగుతున్నది. పెద్ద బండి సరుకు అంచున దించితే, అక్కడి నుండి చిన్న బండ్లు లోపలికి చేరవేయడం ఇప్పటి పద్ధతి. బేగంబజారు వంటి పాత బజారుల సందులకు ఇంతకు మించిన మార్గం లేదు.

ఇక అనుమతుల విషయం. సామాన్యుడు ‘పర్మిటు’ అనే ఒక్క మాటతో వీటన్నిటినీ పిలుస్తాడు. కాని ఇందులో కనీసం మూడు వేరువేరు తాళాలు ఉన్నాయి. వాహనం సరుకు మోయడానికి రవాణాశాఖ ఇచ్చే పర్మిటు మొదటిది. ఫలానా వీధిలో ఫలానా వేళ తిరగడానికి ట్రాఫిక్ పోలీసులు ఇచ్చే అనుమతి రెండవది. సరుకు నిలువ చేసే గిడ్డంగికి, దుకాణానికి నగరపాలక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు మూడవది. ఒక తాళపుచెవి మరొక తాళానికి పట్టదు. రాష్ట్రమంతటా తిరగగల పర్మిటు చేతిలో ఉన్న యజమాని ‘ప్రవేశం లేదు’ అన్న పలక దాటి జరిమానా కట్టడం, కట్టిన తరువాత ‘నా దగ్గర పర్మిటు ఉంది గదా’ అని వాదించడం తరచుగా జరిగేదే. అతడు అబద్ధమాడడం లేదు. రెండు అనుమతులను ఒకటిగా భావించాడు, అంతే.

మొదటి తాళాన్ని కొంత వివరంగా చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టంలోని 66వ సెక్షను ప్రకారం రవాణా వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపాలంటే పర్మిటు ఉండి తీరాలి. అయితే అదే సెక్షను కొన్ని మినహాయింపులు కూడ చెప్పింది. వాహనం సొంత బరువు, అది మోయగల గరిష్ఠ సరుకు బరువు రెండూ కలిపి 3,000 కిలోగ్రాములకు మించకపోతే ఆ సరుకు వాహనానికి పర్మిటు అవసరం లేదు. ఈ చిన్న వాక్యం లక్షలాది కుటుంబాలకు జీవనాధారమయింది. 2005లో టాటా ఏస్ విపణిలోకి వచ్చిన తరువాత, అప్పు చేసి ఒక చిన్న బండి కొని అడ్డా మీద నిలబడి కిరాయికి తిప్పుకొనే యువకులు ప్రతి పట్టణంలోను కనబడుతున్నారు. వారికి పర్మిటు బాధ లేదు. 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వం విద్యుత్తుతో నడిచే రవాణా వాహనాలకు కూడ పర్మిటు నుండి మినహాయింపు ఇచ్చింది.

పర్మిటు అక్కరలేదంటే ఏ కాగితమూ అక్కరలేదని అర్థం కాదు. రిజిస్ట్రేషను ధ్రువపత్రం (పాతతరం వారు నేటికీ దీనిని ‘సి బుక్కు’ అంటారు), భీమా, కాలుష్య ధ్రువపత్రం, సామర్థ్య ధ్రువపత్రం, డ్రైవరు లైసెన్సు అందరికీ తప్పనిసరి. వీనిలో సామర్థ్య ధ్రువపత్రానికి, అనగా లారీలవారు ‘ఎఫ్.సి.’ అనే దానికి, ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. అది లేని రవాణా వాహనాన్ని చట్టం సరిగా రిజిస్టరైన వాహనంగానే పరిగణించదు. ఎఫ్.సి. గడువు తీరిన బండి ప్రమాదానికి లోనయితే భీమా సంస్థ అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు ఒక్క కాగితం కొరకు కుటుంబం కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

లైసెన్సు విషయంలో కూడ చిరకాలం ఒక చిక్కు ఉండేది. 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని నడపడానికి తేలికపాటి మోటారు వాహన లైసెన్సు చాలునా, లేక రవాణా వాహనమని ప్రత్యేకంగా ఆమోదం పొందాలా అన్నది ఆ చిక్కు. లైసెన్సు చాలదంటూ భీమా సంస్థలు పరిహారం తప్పించుకోజూసేవి. చాలునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును సమర్థించింది. చిన్న బండి నడిపే పేద డ్రైవరుకు ఇది సామాన్యమైన ఊరట కాదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మన ప్రాంతంలో లారీకంటె చిన్నది, ట్రాలీ ఆటోకంటె పెద్దది అయిన ప్రతి సరుకు బండినీ ‘డి.సి.ఎం.’ అంటారు. 1980లలో డి.సి.ఎం. టయోటా అనే సంస్థ తయారుచేసిన వ్యాను పేరు అది. ఆ సంస్థ ఆ పేరుతో ఇప్పుడు లేదు, ఆ వ్యాను తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పేరు మాత్రం వేరే కంపెనీల బండ్ల మీదికి ఎక్కి నేటికీ తిరుగుతున్నది. ఈ డి.సి.ఎం.లు 3,000 కిలోల పరిమితిని మించినవి. వీటికి పర్మిటు కావాలి.

పర్మిటు కోరేవారు తాము వాహనం తిప్పదలచిన ప్రాంతపు రవాణా ప్రాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. ఏ ప్రాంతంలో లేక ఏ మార్గంలో తిప్పుతారు, వాహనం రకమేమి, ఎంత బరువు మోస్తుంది, ఏ రకపు సరుకు రవాణా చేస్తారు, బండిని ఎక్కడ నిలుపుతారు, మరమ్మతు ఏర్పాట్లేమిటి, సరుకును భద్రపరచే వసతి ఏమిటి – ఇవన్నీ దరఖాస్తులో చెప్పాలి. నేడు దరఖాస్తు, రుసుము చెల్లింపు చాలావరకు అంతర్జాలం ద్వారానే సాగుతున్నాయి. అయినా బండిని మోటారు వాహనాల తనిఖీ అధికారి కంటితో చూడవలసిన సందర్భాలు ఉంటాయి. ఆయన పదవీనామం ఎంత మారినా జనం నోట ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’ గానే మిగిలాడు. పర్మిటు కాలపరిమితి 5 సంవత్సరాలు. గడువు ముగియడానికి కనీసం 15 రోజులు ముందుగా పునరుద్ధరణ కోరాలి.

దరఖాస్తుదారుకు ఉన్న హక్కులు కూడ తెలిసి ఉండాలి. చాలామందికి ఇవి తెలియవు. సాధారణంగా పర్మిటు నిరాకరించరాదన్నది 1988 చట్టపు 80వ సెక్షను ఆశయం. నిరాకరించవలసి వస్తే దరఖాస్తుదారు మాట వినాలి, నిరాకరణకు కారణాలు వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కారణాలు సమంజసం కావని తోస్తే అప్పీలు ట్రిబ్యునలుకు పోవచ్చు. ‘రేపు రా, చూద్దాం’ అనే మాటకు చట్టంలో స్థానం లేదు. దళారి జీవనం ఈ అజ్ఞానం మీదనే సాగుతున్నది. కార్యాలయం గేటు దగ్గర చంకలో ఫైలు పెట్టుకొని నిలబడే ఏజెంటు చట్టవిరుద్ధమైన పని చేస్తున్నాడని ప్రతిసారీ అనలేము. వ్రాయడం రానివానికి వ్రాసిపెట్టి కూలి తీసుకోవడం తప్పు కాదు. కాని రుసుము ఇంత, మామూలు ఇంత అని రెండు లెక్కలు చెప్పడం మొదలుపెట్టిన క్షణం నుండి అతడు సహాయకుడు కాడు.

పర్మిటు పొందినవారు పాటించవలసిన షరతులను 84వ సెక్షను చెబుతుంది. లారీ పక్కభాగాన యజమాని పేరు, చిరునామా పెద్ద అక్షరాలతో వ్రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. అది గొప్ప కొరకు వ్రాయించుకున్నది కాదు. బండి రంగుకు విరుద్ధమైన రంగులో, రెండు వైపులా స్పష్టంగా వ్రాయించాలని చట్టమే నిర్దేశించింది. వెనుక తలుపు మీది నిమ్మకాయలు, నెమళ్లు, సూక్తులు మాత్రం యజమాని ఇష్టం.

మరొక నిబంధన కుటుంబాలకు సంబంధించింది. ఇంటి యజమాని హఠాత్తుగా మరణిస్తే అతని పేరున ఉన్న పర్మిటు ఏమవుతుంది? అప్పు వాయిదా ఆగదు, బండి ఆగితే ఇల్లు గడవదు. ఈ దుస్థితిని ఊహించి 82వ సెక్షను ఒక వెసులుబాటు కల్పించింది. వాహనం సంక్రమించిన వారసులు, మరణించిన నాటి నుండి 30 రోజులలో రవాణా అధికారులకు తెలియజేస్తే, ఆ పర్మిటుతోనే 3 నెలల వరకు బండి నడుపుకోవచ్చు. ఈలోగా పర్మిటును తమ పేరుకు మార్పించుకోవాలి. దుఃఖంలో మునిగిన కుటుంబానికి 30 రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉంటే ఆ ఒక్క ఉత్తరం వ్రాయవలసినది వారే.

అనుమతి లేకుండా బండి నడిపితే శిక్ష చిన్నది కాదు. 2019 సవరణ తరువాత మొదటి నేరానికే 6 నెలల వరకు కారాగారం, 10,000 రూపాయల జరిమానా అని చట్టం చెబుతున్నది. అయితే రోగులను తరలించడానికి, ఆపదలో ఉన్నవారికి ఆహారం, మందులు చేర్చడానికి అత్యవసరంగా వాడినప్పుడు ఈ శిక్ష వర్తించదు. పరిమితికి మించి బరువు వేస్తే 20,000 రూపాయలు, అదనపు టన్ను ఒక్కింటికి మరొక 2,000 రూపాయలు. కాటా మీదికి బండిని ఎక్కించడానికి నిరాకరిస్తే 40,000 రూపాయలు. ఈ అంకెలు చూసి చట్టం లారీవాని పట్ల కఠినంగా ఉన్నదనుకోవచ్చు. కాని అధిక భారం మోసే బండికి బ్రేకులు సకాలంలో పట్టవు. ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారునికి ఆ కఠినత్వమే రక్ష.

రెండవ తాళం పోలీసుల చేతిలో ఉంటుంది. ప్రజల భద్రత, సౌకర్యం కొరకు గాని, రోడ్డు లేదా వంతెన స్వభావాన్ని బట్టి గాని కొన్ని రకాల వాహనాలను నిషేధించే లేక నియంత్రించే అధికారాన్ని చట్టంలోని 115వ సెక్షను ఇచ్చింది. నిషేధం ఒక నెలకు మించి సాగేదయితే అధికార గెజిటులో ప్రకటించాలి. నెలలోపు అయితే స్థానికంగా తగినంత ప్రచారం చేస్తే చాలు. వినాయక నిమజ్జనం నాడు బాలాపూరు నుండి హుస్సేన్‌సాగరు వరకు సాగే ఊరేగింపు కొరకు బండ్లను మళ్లించడం ఈ రెండవ రకానికి ఉదాహరణ. ఏ లారీ ఏ వేళకు లోపలికి రావచ్చునో, ఏ రోడ్లు నిషిద్ధమో ఎప్పటికప్పుడు మారుతుంటుంది. కాబట్టి పాత జ్ఞాపకాన్ని నమ్మక తాజా ప్రకటనను చూసుకోవడం క్షేమం.

నిషేధ వేళలలో తప్పనిసరిగా సరుకు చేర్చవలసినవారు ట్రాఫిక్ విభాగానికి దరఖాస్తు చేసి ప్రత్యేకానుమతి కోరవచ్చు. తెలుగు విద్యార్థికి ఇక్కడ భాషాపరమైన పని ఉంది. ఇటువంటి దరఖాస్తులు చాలావరకు ‘దయతలచి అనుమతి ఇప్పించ ప్రార్థన’ అన్న వాక్యంతో మొదలై ఆ వాక్యంతోనే ముగుస్తాయి. చదివే అధికారికి తెలియవలసిన సంగతి ఒక్కటీ వాటిలో ఉండదు. ప్రార్థన కంటె వివరం ముఖ్యం. వాహనం సంఖ్య, బరువు, సరుకు పేరు, బయలుదేరే చోటు, చేరే చోటు, ఏ రోడ్ల మీదుగా పోవాలి, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఏ గంట నుండి ఏ గంట వరకు, రాత్రివేళ ఎందుకు కుదరదు – ఇవి ఉండాలి. ‘ఆసుపత్రిలో ఆక్సిజను సిలిండర్లు మధ్యాహ్నానికి అయిపోతున్నవి, దించడానికి 40 నిమిషాలు పడుతుంది, బండి ప్రధాన రహదారిపై నిలువదు, ఆసుపత్రి వెనుక ద్వారం లోపల నిలుస్తుంది’ అని వ్రాసిన మూడు వాక్యాలు మూడు పుటల వినయోక్తుల కంటె బలమైనవి. ఎక్కడ దించుతామో చెప్పడం అత్యవసరం. రోడ్డు మీద నడిచే బండి కంటె రోడ్డు మీద ఆగి సరుకు దించే బండే ఎక్కువ అడ్డంకి.

రాష్ట్ర సరిహద్దు దాటే లారీ కథ వేరు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయినప్పుడు, అంతవరకు ఆదిలాబాదు నుండి శ్రీకాకుళం దాకా ఒకే పర్మిటుతో తిరిగిన బండికి మధ్యలో ఒక గీత అడ్డు వచ్చింది. 2015 ఏప్రిల్ నుండి తెలంగాణ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ వాహనాలపై పన్ను విధించింది. కోదాడ దగ్గర నిలిచిపోయిన డ్రైవర్లకు విభజన అంటే ఏమిటో ఆ రోజున అర్థమయింది. దేశమంతటా తిరగదలచినవారికి జాతీయ పర్మిటు ఉంది. పూర్వం ఒక్కొక్క రాష్ట్రానికి విడివిడిగా రుసుము కట్టవలసి వచ్చేది. 2010 మేలో కొత్త విధానం వచ్చి సంవత్సరానికి ఒకే మొత్తం చెల్లించే ఏర్పాటు జరిగింది. అయితే జాతీయ పర్మిటు ఉన్న లారీ పర రాష్ట్రంలోని ఒక ఊరిలో సరుకు ఎత్తి, అదే రాష్ట్రంలోని మరొక ఊరిలో దించరాదు. స్థానిక లారీల బ్రతుకుతెరువును కాపాడటానికి ఏర్పరచిన హద్దు ఇది.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చిన తరువాత వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు తొలగిపోయాయి. వాటి స్థానాన్ని ఇ-వే బిల్లు ఆక్రమించింది. 2018 ఏప్రిల్ 1 నుండి అంతర్రాష్ట్ర రవాణాకు, 15 నుండి మన రెండు రాష్ట్రాల లోపలి రవాణాకు కూడ అమలయింది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే సాధారణంగా ఈ బిల్లు ఉండాలి. 2021 నుండి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దానికి గడువు. పొలిమేరలో రాత్రి కొరకు వేచి ఉన్న లారీకి ఈ గడువు కత్తివంటిది. గడువు తీరడానికి ముందు 8 గంటలలో గాని, తీరిన తరువాత 8 గంటలలో గాని తగిన కారణం చూపి పొడిగించుకునే వీలుంది. ఆ సంగతి తెలియక జరిమానా కట్టినవారు ఉన్నారు.

ఈ కాగితాల విలువ 2020 మార్చిలో దేశమంతటికీ తెలిసివచ్చింది. లాక్‌డౌను ప్రకటించిన తొలి రోజులలో నిత్యావసరాలకు అనుమతి ఉన్నదన్నారు. కాని సరుకు దించి వట్టి బండితో తిరిగివచ్చే డ్రైవరు దగ్గర ‘నిత్యావసరం’ ఏదీ కనబడదు. అతడిని దారిలో ఆపివేశారు. తిరిగిరాలేని బండి మళ్లీ సరుకు తేలేదు. ఏప్రిల్ మధ్యలో వెలువడిన మార్గదర్శకాలు, ఇద్దరు డ్రైవర్లు ఒక సహాయకునితో అన్ని సరుకు లారీలను, వాటితోపాటు ఖాళీ లారీలను కూడ స్పష్టంగా అనుమతించాయి. డాబాలు మూతపడిన రహదారుల మీద నీళ్లతో, బిస్కట్లతో రోజులు గడిపిన డ్రైవర్లు అప్పుడు ఇంటి ముఖం పట్టారు.

ప్రశ్నలు

రోము, లండను నగరాలు సరుకు వాహనాలను నియంత్రించిన తీరులో భేదమేమి? మన నగరాలు దేనిని అనుసరిస్తున్నాయి?

పర్మిటు నిరాకరణకు గురైన దరఖాస్తుదారుకు చట్టం కల్పించిన హక్కులను వివరించండి.

‘ఒక తాళపుచెవి మరొక తాళానికి పట్టదు’ – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.

మీ పట్టణంలోని కూరగాయల మార్కెట్టుకు ఉదయం 9 గంటలకు డి.సి.ఎం. వాహనం ప్రవేశించడానికి ప్రత్యేకానుమతి కోరుతూ ట్రాఫిక్ పోలీసు అధికారికి దరఖాస్తు వ్రాయండి. దయను యాచించే వాక్యాలు రెండింటికి మించరాదు.